పిడికిలిన్నర ఎత్తులో ధ్రువుడు

మా బాబాయి ఆస్ట్రేలియా నుంచి బొగ్గు తెచ్చే ఓడలో పనిచేస్తాడు. పగలంతా ఇంజన్ రూమ్ వేడిలో, చప్పుడులో డ్యూటీ. రాత్రి భోంచేశాక డెక్ మీదుగా ఓడ ముందు భాగానికి వెళ్లి కాసేపు నిలబడతాడు. ఇంజన్ ఎక్కడో వెనక ఉంటుంది కాబట్టి అక్కడ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పైన గదిలోంచి దారి చూసే ఆఫీసర్లకి చీకట్లో సముద్రం కనపడాలి కదా, అందుకని ఆ వైపు లైట్లు ఆర్పేస్తారు. చీకటికి కళ్లు బాగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఫోన్ చూశామా, మళ్లీ మొదటికే. ఓపిక పడితే పాలపుంత ఆ చివర నుంచి ఈ చివర దాకా కనిపిస్తుందట.

మొన్న మార్చిలో సెలవులకి పర్చూరు దగ్గర మా ఊరెళ్లి, తాతయ్యతో పాటు మిరప కళ్లంలో కాపలా పడుకున్నాను. కాయలకి మంచు తగలకుండా పట్టాలు కప్పి, పక్కనే మంచాలేసుకున్నాం. మా నల్లరేగడి నేల కూడా సముద్రంలాగే చదును. ఆకాశానికి అడ్డం లేదు.

"మీ బాబాయి ఇప్పుడు ఎంత దూరంలో ఉన్నాడ్రా?" అన్నాడు తాతయ్య.

నేను ధ్రువ నక్షత్రం చూపించాను. సప్తర్షి మండలం గరిటెలా ఉంటుంది. గరిటె గిన్నెలో, కాడకి దూరంగా ఉన్న రెండు చుక్కల్ని కలిపి, ఆ గీతని ఉత్తరం వైపు ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువుడు దొరుకుతాడు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మా కళ్లంలో ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తులో ఉన్నాడు. అంటే దాదాపు 16 డిగ్రీలు. మా ఊరి అక్షాంశం కూడా అంతే!

ఇది కాకతాళీయం కాదు. భూమి ఇరుసు దాదాపు ధ్రువుడి వైపే చూస్తుంది. ఉత్తర ధ్రువంలో నిలబడితే అతను నడినెత్తిన ఉంటాడు, భూమధ్యరేఖ దగ్గర నేలకి ఆనుకుంటాడు. మధ్యలో ఒక్కో డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలు తేలాలంటే గడియారం కూడా కావాలి. జీపీఎస్ వచ్చినా, ఓడ నడిపే ఆఫీసర్లకి సెక్స్‌టెంట్‌తో చుక్కల ఎత్తు కొలవడం ఇప్పటికీ నేర్పుతారు.

"అయితే వాడికి ఎంత ఎత్తులో ఉంటాడు?"

"అసలు కనపడడు తాతయ్యా. భూమధ్యరేఖ దాటి కిందికి పోయాడు."

తాతయ్య మాట్లాడలేదు. అర్ధరాత్రి దాటాక లేపి, దక్షిణాన త్రిశంకు నక్షత్రాన్ని చూపించాను. అదే సదరన్ క్రాస్. మనకి కింద ఉంటుంది, బాబాయికి బాగా పైన. ఇద్దరికీ కనపడేది అదొకటి. తాతయ్య చాలాసేపు అటే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత కొన్నాళ్లకి బాబాయి మెసేజ్ పెట్టాడు: "రాత్రి ధ్రువుడు కనపడ్డాడు. అర పిడికిలి."

చదివి వినిపిస్తే తాతయ్య లెక్క వేసుకున్నాడు. "ఇంకొక్క పిడికిలే," అన్నాడు.