అలలు చెక్కిన తోరణం

మాది ఉండి దగ్గర పల్లె. డెల్టా నల్లమట్టిలో పెరిగినవాళ్ళకి రాయంటే బట్టలుతికే బండ, పొలంలో సర్వే రాయి, అంతే. అవీ ఎక్కణ్ణుంచో బండెక్కి వచ్చినవే. అలాంటి నేను పోయిన డిసెంబరులో మా తరగతి విజ్ఞానయాత్రలో విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో, తొట్లకొండకి ఎదురుగా, మంగమారిపేట ఒడ్డున రాతితోరణం చూశాను. కింద అల వస్తోంది, పోతోంది. పైన రాయి నిలబడే వుంది. "ఎవరు కట్టారండీ?" అని నోరు జారాను. తరగతంతా నవ్వింది. మా లెక్చరరుగారు మాత్రం నవ్వకుండా, "రైతుబిడ్డవి కదా, గట్టుకి గండి ఎలా పడుతుందో చెప్పు" అన్నారు.

చెప్పాను. మొదట పీత బొరియ చేస్తుంది. చేలో నీరు పెట్టగానే అందులోకి దూరి లోపలి మట్టిని లాక్కుపోతుంది. పైకి గట్టు బాగానే వుంటుంది, లోపలంతా గుల్ల. ఓ రోజు కాలు వెయ్యగానే దిగబడుతుంది. "అంతే. ఇక్కడ పీత బదులు రాతిలో పగులు. రాత్రికి రాత్రి కాదు, వేల ఏళ్ళు" అన్నారాయన.

విశాఖ తీరపు కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైటు అనే శిల. ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిన పేరది. ఒకప్పటి బురద, ఇసుక భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారి, సుమారు 100 కోట్ల ఏళ్ళ క్రితం ఈ శిల అయింది. అంటే మన పొలంలో మట్టిలాంటిదే దాని ముత్తాత! అందులో ఎర్రటి గార్నెట్ గింజలుంటాయి. భీమిలి ఇసుకలో కనిపించే ఎర్రచారలు చాలావరకు అవే.

ఈ శిలలో పొరలూ పగుళ్ళూ వుంటాయి. అల వచ్చి కొట్టినప్పుడు పగులులోని గాలి ఒక్కసారిగా నొక్కుకుపోతుంది. అల వెనక్కి తగ్గగానే వ్యాకోచిస్తుంది. రోజుకి వేలసార్లు ఇదే పని. పైగా అల వట్టి చేతులతో రాదు, ఇసుకా గులకరాళ్ళూ తెచ్చి ఆకురాయిలా రుద్దుతుంది. ఉప్పు పగుళ్ళలో స్ఫటికాలుగా పెరిగి రాతిని విడగొడుతుంది. పగులు గుహ అవుతుంది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొమ్ముకి రెండువైపులా గుహలు పడి కలిస్తే తోరణం. తోరణం కప్పు కూలితే నీళ్ళలో ఒంటిస్తంభం మిగులుతుంది. ఇంకొన్నాళ్ళకి అదీ పోతుంది.

ఇంకో సంగతి. సుమారు 20 వేల ఏళ్ళ క్రితం మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందుండేది. అంటే అప్పుడు ఒడ్డు ఎక్కడో దూరంగా వుంది. శిల ముసలిదేగాని, ఈనాటి అల దానిమీద చేస్తున్న పని మాత్రం నిన్నమొన్నటిదే.

అప్పుడు నాకో సందేహం వచ్చింది. ఎలాగూ కూలేదాన్ని కాపాడటం దేనికి? మాల్టా దేశంలో ‘అజూర్ విండో’ అనే సముద్రతోరణం వుండేది. దానిమీద నడవకూడదని నిషేధించారు కూడా. అయినా 2017 మార్చి 8న తుఫాను అలలకి కూలింది. అడిగితే లెక్చరరుగారన్నారు: "మీ తాతగారు పోతారని తెలిసి అన్నం పెట్టడం మానేశారా?"

కాపాడటమంటే సముద్రాన్ని ఆపడం కాదట. మనం తొందరపెట్టకుండా వుండటం. కొండని క్వారీ చెయ్యకూడదు, తోరణం మీదెక్కి ఫొటోలు దిగకూడదు. ముఖ్యంగా ఒడ్డున ఇసుక తియ్యకూడదు. ఇసుక తిన్నె అల ఊపుని మింగేస్తుంది, అది పోతే దెబ్బంతా రాతికే. తిరుమల శిలాతోరణాన్ని జియలాజికల్ సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకి 2014లో ఆ గుర్తింపు వచ్చింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. గుళ్ళూ కోటలకి ఎప్పణ్ణుంచో చట్టముంది. ఇలాంటి స్థలాల కోసం కేంద్ర గనుల శాఖ ముసాయిదా బిల్లు వెలువరించింది 2022 డిసెంబరులో! మనిషి చెక్కినదానికున్న మర్యాద అల చెక్కినదానికి రావడానికి ఇంత కాలమా అనిపించింది.

ఇంత చెప్పిన నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. గార్నెట్ మెరుస్తున్న అరచేతంత రాయొకటి సంచీలో వేసుకొచ్చాను. బస్సులో లెక్చరరుగారు చూసి, "తరగతిలో ఎంతమందిరా మీరు?" అని మాత్రం అడిగారు. ఆ లెక్క నేను ఇల్లు చేరేదాకా వేసుకుంటూనే వున్నాను. మా నాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, "రాయి కోసం అంతదూరం వెళ్ళావురా?" అని, మడవకి అడ్డంపెట్టిన గోనెసంచి మీద బరువుగా పెట్టేశాడు. వేసవి సెలవుల్లో విశాఖలో మావయ్యగారింటికి వెళ్ళే పనుంది. ఆ లోపల నాన్నకి ఇంకో బరువు చూసిపెట్టాలి.