తెప్ప, వల, లెక్క – మన చెరువుల్లో చేపల వేట

మన పాలకుర్తికి సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉంది. అయినా వేట మీద బతికే ఇళ్లు మన చుట్టుపక్కల ఊరూరా ఉన్నాయి. మనకు సముద్రమైనా, నది అయినా చెరువే. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులు వెలిసిన నేల ఇది. గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా ఈ నీళ్ల మీద ఆధారపడ్డారు. మా ఇల్లు కూడా అలాంటి ఇళ్లల్లో ఒకటే. హాస్టల్లో మాతోపాటు చదివిన మిత్రులు చాలామంది "చేపలు పట్టడమంటే అదృష్టం కదా, పడితే పడతాయి, లేకపోతే లేదు" అనేవారు. గాలం వేసేవారికి ఆ మాట వర్తిస్తుందేమో గానీ, చెరువును నమ్ముకున్న ఇంటికి వేట అంటే పంట కోతే. విత్తనం వేయనిదే పంట రాదు.

ఎందుకంటే బొచ్చ, రవ్వ, మోసు చేపలు పుట్టుకతో నది చేపలు. వానాకాలంలో పారే నీటిలోనే గుడ్లు పెడతాయి. నిలువ నీటి చెరువులో పెరుగుతాయే తప్ప పిల్లల్ని పెట్టవు. పూర్వం నదుల్లో పిల్లల్ని పట్టి తెచ్చి వదిలేవారు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒరిస్సాలో చేపలకు పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించగలిగారు. ఆ తరువాతే కేంద్రాల్లో పిల్లల్ని ఉత్పత్తి చేసి పల్లె చెరువులకు పంపే మార్గం ఏర్పడింది. ఆ రోజు గుర్తుగానే జూలై 10ని జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుతున్నారు. తెలంగాణలో 2016లో ప్రభుత్వం సంఘాల చెరువులకు ఉచితంగా చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టింది.

మూడు రకాలనూ కలిపి ఎందుకు వదులుతారు? బొచ్చ పైనీటిలో మేస్తుంది, రవ్వ నడిమి నీటిలో, మోసు అడుగున మేస్తాయి. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు మూడు అరల్లో వండుకున్నట్టు ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ రాదు. కొర్రమట్ట సంగతి వేరు. అది మన రాష్ట్ర చేప. చెరువులోనే పిల్లల్ని పెట్టి, ఎర్రని పిల్లల గుంపును వెంట ఉండి కాపాడుతుంది. పైకి వచ్చి గాలి పీల్చగలదు కాబట్టి బురదలో కూడా బతుకుతుంది. మిగతా చేపలకు ఆ బలం లేదు. రాత్రంతా నీటిలోని నాచు, మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకోవడంతో తెల్లవారుజామున అది బాగా తగ్గుతుంది. అప్పుడు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిస్తే అది ఆట కాదు, ఆపద.

ఇక తెప్ప. పెద్ద నదుల మీద పుట్టి నడుస్తుంది. మన చెరువుల్లో థర్మాకోల్ దిమ్మెలను పాత వలతో బిగించి కట్టిన తెప్పో, గాలి నింపిన లారీ ట్యూబో వాడతారు. ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు వల వదలాలి. మా ఇంట్లో బాపు తెడ్డు పడితే అన్న వల వదులుతాడు. పొద్దుగూకే వేళ నిలువుగా వల కడతారు. పైన బెండ్లు తేలుస్తాయి, కింద బరువులు దించుతాయి. చేప తల కన్నులో దూరుతుంది, ఒళ్లు పట్టదు. వెనక్కి లాగితే మొప్పలు చిక్కుకుంటాయి. అందుకే కన్ను సైజులోనే నీతి ఉంది. పెద్ద కన్ను వల చిన్నచేపను వదిలేస్తుంది. చిన్న కన్ను వల వచ్చే ఏటి పంటను ఈ ఏడే తినేస్తుంది. సముద్రంలోనైతే తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చెరువులో ఆ కట్టుబాటును సంఘమే పెట్టుకోవాలి.

తెల్లవారకముందే వల తీయాలి. ఎండ ఎక్కితే చిక్కిన చేప చచ్చి మెత్తబడుతుంది. వల ఒడ్డుకు చేరాక ఇంటిల్లిపాదికీ పనే. అమ్మ, అక్క వలలోంచి చేపలు విడిపించి రకాలుగా వేరు చేస్తారు. పిల్లలు నీళ్లు మోస్తారు. తరువాత అమ్మ గంప నెత్తికెత్తుకొని ఊళ్లు తిరుగుతుంది. మృగశిర కార్తె నాడు మాత్రం కొనేవాళ్లే చెరువుకట్టకు వస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ గంప నిండేదీ నిండనిదీ చాలావరకు వానాకాలంలో పిల్లల్ని దింపిన రోజే తేలిపోతుంది. పిల్లలు ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచుల్లో వస్తాయి. సంచులను కాసేపు చెరువునీటిలో తేలనివ్వాలి. లోపలి నీరు, బయటి నీరు ఒకే వేడికి వచ్చాకే విప్పాలి. లేకపోతే పిల్లలు తట్టుకోలేవు. లెక్క ఎలా? ఒక జల్లెడ గిన్నెడు పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, మొత్తం ఎన్ని గిన్నెలో దానితో గుణిస్తారు. ఉదాహరణకు గిన్నెకు 250 చొప్పున 80 గిన్నెలు అంటే 20,000. నిజంగా గిన్నెలో ఉన్నవి 180 అయితే వచ్చినవి 14,400 మాత్రమే. కాగితం మీద సంతకం 20,000కు, చెరువులో తక్కువ 5,600. అందులో సగం బతికి, ఒక్కొక్కటి కిలో తూగేవనుకున్నా 28 క్వింటాళ్ల చేప పోయినట్టు. సంఘంలో 70 ఇళ్లుంటే ఇంటికి 40 కిలోలు! ఎవరూ దొంగిలించినట్టు కనపడదు. "ఈ ఏడు చెరువు కలిసిరాలేదు" అనుకొని ఊరుకుంటాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇక్కడే మన చదువుకు పని ఉంది. గుణకారం వచ్చిన పిల్ల ఆ రోజు చెరువుకట్ట మీద ఉంటే చాలు. ఒక్క గిన్నె కాదు, మొదట ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి లెక్కపెట్టి సగటు తీయమని అడగాలి. పిల్లల పొడవు కూడా కొలవాలి. ఎండాకాలం ఎండే చెరువుకు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్లుండే చెరువుకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి ఇవ్వాలన్నది పంపిణీలో పెట్టిన కొలత. స్కేలు మన పుస్తకాల సంచిలోనే ఉంటుంది. వేటలో తూకం, ధర, వాటా రాసే పుస్తకాన్ని సంఘంలో అందరికీ వినిపించేలా చదవాలి. ముందే బయానా తీసుకున్న వ్యాపారికే అమ్మవలసి వస్తే ఎంత నష్టమో ఆ పుస్తకమే చెబుతుంది.

ఒక జాగ్రత్త. పూడిక, మొరం తవ్విన చోట చెరువులో లోతైన గుంతలుంటాయి. నిండిన తరువాత పైకి కనపడవు. ఈతగాళ్లమన్న ధీమాతో ఒంటరిగా దిగకండి. వల తాడు నడుముకు, చేతికి చుట్టుకోకండి. గాలి లేచిన రోజు తెప్ప ఎక్కకండి.

సెలవులకు ఊరికి పోయినప్పుడు తెప్ప మీద ఒక చుట్టు తిరిగి రండి, సంతోషమే. కానీ వానాకాలంలో చేపపిల్లల బండి వచ్చే రోజు ఎప్పుడో ముందే తెలుసుకొని, ఆ రోజు తప్పకుండా కట్ట మీద ఉండండి.