హీలియం పోయనక్కరలేని అతిశీతల యంత్రములు

1868 ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరునకును, మద్రాసు నక్షత్రశాలనుండి పోగ్సన్ మచిలీపట్టణమునకును వచ్చి యంత్రములు నిలిపిరి. ఆ కాలమున సూర్యజ్వాలల వర్ణపటమున కానవచ్చిన పసుపుపచ్చని గీత సోడియమునకు చెందినది కాదని తేలగా, ఇంగ్లండులో లాకియర్ దానిని క్రొత్త మూలకమునకు ఆరోపించెను. అదియే హీలియము. తెలుగునేలతో తొలినాడే ఇంత చుట్టరికమున్న ఈ వాయువును నేడు మనదేశము దాదాపు పూర్తిగా విదేశములనుండి కొని తెచ్చుకొనుచున్నది.

పరమశూన్యమునకు కేవలము 4.2 డిగ్రీల (కెల్విన్ల) మీద, అనగా మన సెల్సియస్ సున్నకు 269 డిగ్రీల దిగువన, ఇది ద్రవమగును. వెనుకటి శాస్త్రజ్ఞులు ఆ ద్రవము నింపిన పాత్రలో ప్రయోగయంత్రమును ముంచి యుంచెడివారు. ద్రవము రేయింబవళ్లు మరగి తరుగుచుండుటచే కొలదిదినముల కొకమారు మరల పోయవలసివచ్చెడిది. ఆవిరిని పట్టి తిరిగి ద్రవముచేయు ఏర్పాటు లేనిచో, ఖరీదు పెట్టి కొన్న సరకు గాలిలో కలిసిపోయినట్లే.

ఈ పోతను మాన్పించినది పల్స్‌ట్యూబ్ అను శీతలకము. కంప్రెసరు హీలియం వాయువును ఒత్తి పంపగా, తిరుగుడు కవాటమొకటి సెకనుకు ఒకమారుకన్న కొంచెమెక్కువగా తెరచుచు మూయుచు బుస్సుబుస్సుమనుచుండును. లోనికిపోవు వాయువు వేడిమిని సీసము, అరుదైన మిశ్రలోహముల సన్నని గుండ్లు పుచ్చుకొని వెలికివచ్చు వాయువున కప్పగించుచుండగా, ఒత్తిడి తగ్గిన ప్రతిమారు వ్యాకోచించి చల్లబడుచు, అది మొదటి మెట్టున 40 కెల్విన్ల ప్రాంతమునకును, రెండవ మెట్టున 4 కెల్విన్లకును దిగును. చల్లని కొసన కదలెడు పనిముట్టొక్కటియు లేదు. అటుపై పని హీలియపు రెండు రూపములైన హీలియం-3, హీలియం-4 ల మిశ్రమముది. 0.87 కెల్విన్‌కు దిగువ అది నూనెయు నీరునువలె రెండు పొరలుగా విడును. పైపొరలోని హీలియం-3 క్రిందిపొరలోనికి దాటునప్పుడు వేడిమిని గ్రహించుటచే ఉష్ణోగ్రత కెల్విన్‌లో నూరవవంతుకును దిగును. జర్మనీలోని గార్షింగున ఊలిగ్ అను శాస్త్రజ్ఞుడు పల్స్‌ట్యూబును ఈ మిశ్రమపు శీతలకమును జతపరచిన వృత్తాంతము 2002లో వెలువడెను.

వీనియందు హీలియమే లేదనుకొనరాదు. ఉన్నది, బయటికి పోదు, అంతే. దానికి బదులు కరెంటు పోవును: 4 కెల్విన్లవద్ద ఒక్క వాటు వేడిమిని తీయుటకు కంప్రెసరు కొన్ని కిలోవాట్లు మ్రింగును, దానిని చల్లార్చ నీరును పారుచుండవలెను. కవాటపు అదురు సూక్ష్మప్రయోగములకు చికాకే. అయినను ఈ మార్పు మనవంటివారికే ఎక్కువ మేలని నా మతము. ద్రవహీలియపు బండి చేరని కాచిగూడ మేడగదియైనను, త్రీఫేజు కరెంటును నీరును ఉన్నచో, ప్రయోగశాల కాగలదు.

అమరావతికి ఐబీఎం వారి క్వాంటం సిస్టమ్ టూ అను క్వాంటం కంప్యూటరు వచ్చునని 2025 మే నెలలో ప్రకటించిరి. దాని 156 క్యూబిట్ల చిప్పు కూర్చుండునదియు ఇట్టి శీతలకముననే. కరెంటు పోయినచో, తొట్టిలో ద్రవమున్న పాతయంత్రము కొన్ని గంటలైనను ఓర్చుకొనును. ఈ క్రొత్తయంత్రమో త్వరలోనే వేడెక్కనారంభించును. పూర్తిగా వేడెక్కినదానిని మరల దింపుటకు దినములు పట్టును గనుక, అక్కడి ఇంజనీర్లు హీలియం నిల్వకన్న జనరేటరులోని డీజిలునే తరచుగా చూచుకొనవలసియుండును.