మీకు తెలుసా? చూపు పోయిన కుందేలుకు దారి ఎలా తెలుస్తుందో

• మూతి ముందున్న క్యారెట్ ముక్క కుందేలుకు ఎప్పుడూ కనపడదు, చూపు బాగున్న రోజుల్లో కూడా. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో వెనకా పైనా దాదాపు చుట్టూరా కనిపిస్తుంది గానీ, సరిగ్గా ముక్కు ఎదుట కొంత మేర కనిపించదు. అక్కడ పని చేసేవి మీసాలు, పెదవులు, వాసన. అందుకే చూపు పోయినా తిండి దగ్గర అది పెద్దగా తడబడదు. దానికి పోయేది కాపలా: ఎటునుంచి ఏది మీద పడుతుందో తెలియదు.

• కాబట్టి చప్పుడు చేయకుండా వెళ్లి ఎత్తుకోకండి. గద్ద తన్నుకుపోయినట్టే ఉంటుంది దానికి. ముందు పేరు పెట్టి పిలవండి, చెయ్యి వాసన చూడనివ్వండి, నుదురు నిమరండి. తర్వాత ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద వేసి ఎత్తండి. ఎముకలు తేలిక, వెనక కాళ్ల బలం ఎక్కువ. బెదిరి గట్టిగా తన్నుకుంటే నడుమే విరగొచ్చు.

• కుందేలు గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. సోఫా కాలికీ తలుపు అంచుకీ గడ్డం రుద్దుతూ తిరిగేది తన గుర్తులు పెట్టుకోవడానికే. చూపు లేనప్పుడు దానికి ఆ గుర్తులే ఆధారం. హైదరాబాద్ మూసాపేటలో ఒక అపార్ట్‌మెంట్లో పొద్దున్నే పనమ్మాయి బకెట్లో రెండు మూతల ఫినాయిల్ పోసి గదంతా తుడిచిందనుకోండి, అవన్నీ ఆ వాసనలో కలిసిపోతాయి. పైగా ఆ ఘాటుకి ముక్కు మండుతుంది. అది తిరిగే గదిని ఉత్త నీళ్లతోనే తుడవమనండి. ఉచ్చ మరకలకు కాస్త వెనిగర్ కలిపిన నీళ్లు చాలు. ట్రే కడిగాక పాత గడ్డి పిడికెడు మళ్లీ అందులోనే వేయండి. తన చోటు తనకు దొరుకుతుంది.

• కుందేలు పాదాలకు కుక్కకున్నట్టు మెత్తలుండవు, బొచ్చే ఉంటుంది. నున్నటి టైల్స్ మీద జారిపోతుంది. గూటి నుంచి నీళ్ల గిన్నె దాకా పాత జంపఖానా పరిస్తే కాలికి పట్టూ దొరుకుతుంది, దారీ తెలుస్తుంది. గిన్నె బరువైన పింగాణీది పెట్టి, ఇక దాన్ని కదపకండి. చుట్టాలొచ్చినా సూట్‌కేసులు ఆ దారిలో పెట్టనివ్వకండి.

• తెల్ల కుందేళ్ల ఎర్ర కళ్లు జబ్బు కాదు, పుట్టుకతో రంగు లేకపోవడం. కాకపోతే ఎండ వెలుతురు వాటికి కష్టం.

• కంట్లో తెల్లటి పొర ముసలితనం వల్లే వస్తుందనుకోకండి. ఎన్‌సెఫలిటోజూన్ క్యునిక్యులి అనే సూక్ష్మజీవి తల్లి కడుపులోనే పిల్ల కంటి కటకంలో చేరి, తర్వాతెప్పుడో శుక్లం తెప్పించగలదు. పంటి వేరు పెరిగి కంటిని ఒత్తవచ్చు. న్యూజిలాండ్ వైట్ జాతిలో గ్లకోమా వంశపారంపర్యంగానూ వస్తుంది. వీటిలో కొన్నిటికి మందుంది గనక రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకో తీసుకెళ్లండి. మెడికల్ షాపులో అడిగి మనుషుల చుక్కలు మాత్రం వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి పుండు ముదిరిపోతుంది.

• బాల్కనీలో వదిలేయడం మరీ ప్రమాదం. చెమట పట్టి చల్లబడే ఒళ్లు కాదది. వేడి చాలావరకు చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే చాలు దానికి ఇబ్బంది, మన మే నెల 40 దాటుతుంది. నీడ ఎటుందో అది చూసుకోలేదు.

• భయపడిన కుందేలు ముందు మానేసేది తిండి. ఎర్రగడ్డ రైతుబజార్లో తెచ్చిన పుదీనా రెమ్మ నలిపి ముక్కు దగ్గర పెట్టండి, చాలాసార్లు ఆ వాసనకే కదులుతుంది. పూటంతా ఏమీ తినక, పెంటికలు కూడా వేయకపోతే పేగు కదలిక ఆగిపోయిందేమోనని అనుమానించాలి. తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.