నూనెలో కలిపిన బలము

గత నెల బంధువులను విమానమెక్కించి తిరిగి వస్తూ, శంషాబాదులో తెలిసిన వారి ఇంట భోజనమునకు ఆగాము. వారి కుమారుడు విమానాశ్రయపు సరుకుల విభాగములో పని చేస్తాడు. రెండేళ్లుగా జిమ్‌కు వెళుతున్నాడు. చేతులు దుంగలవలె ఉన్నాయి. పెళ్లిమాటలు నడుస్తున్నాయి. భోజనమైన తరువాత మమ్మును పక్కకు పిలిచి, జేబులోనుండి చిన్న సీసా తీశాడు.

"అయ్యగారూ, ఇది ప్రొటీనేనా?"

సీసా మీద నాండ్రోలోన్ డెకనోయేట్ అని ఉన్నది. ప్రొటీను కాదు. మగవారి దేహములో పుట్టే టెస్టోస్టెరాన్‌ను శాస్త్రజ్ఞులు 1935లో ప్రయోగశాలలో తయారు చేశారు. తరువాత దానిని కొంచెము మార్చి, కండ పెరిగేలా చేసిన మందులలో ఇది ఒకటి. వేరుశెనగ నూనెలో కలిపి కండలోనికి లోతుగా ఎక్కిస్తారు. అక్కడనుండి వారాల తరబడి మెల్లగా రక్తములోనికి దిగుతుంది.

మందు చెడ్డదని మేము అనము. మూత్రపిండములు చెడి రక్తము తగ్గిన రోగులకు వైద్యులు దీనిని ఇచ్చేవారు. 1989లో అమెరికాలో ఎరిత్రోపోయెటిన్‌కు అనుమతి వచ్చాక ఆ అవసరము చాలా తగ్గింది. ఎయిడ్స్‌తో చిక్కిపోయిన వారికి కండ పడుతుందేమోనని కూడా పరిశోధించారు. ఎముకలు గుల్లబారిన స్త్రీలకు వాడిన మోతాదు మూడు వారాలకు 50 మిల్లీగ్రాములు. ఇతనికి జిమ్‌లో నేర్పేవాడు వారానికే 200 ఎక్కించాడు! షెడ్యూల్ హెచ్ మందు, వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదు.

విమానాశ్రయములో మందుల కొరకు ప్రత్యేకమైన చల్లని విభాగమున్నది. ఏ డబ్బా ఎన్ని డిగ్రీలలో ఉండాలో చూడనిదే కదలనివ్వరని అతడే మాకు చెప్పాడు. తన ఒంట్లోనికి పోయిన సీసా ఎక్కడనుండి వచ్చిందో మాత్రము అడగలేదు.

బయటనుండి హార్మోను వస్తున్నదని మెదడు గ్రహించి, వృషణములకు పంపే సంకేతమును ఆపివేస్తుంది. అవి కుంచించుకుపోతాయి, వీర్యకణములు తగ్గిపోతాయి. మందు మానిన తరువాత కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏడాది పైన పడుతుంది. రక్తము చిక్కబడవచ్చు, గుండె కండరము మందము కావచ్చు. ఆడపిల్లలకు గొంతు బొంగురుపోతే తిరిగి రాకపోవచ్చు. ఎదిగే పిల్లలకు ఎముకల కొసలు ముందే మూసుకొని పొడవు ఆగిపోతుంది. (ఆకలి లేని పసివారికి ఇటువంటి మందులను టానిక్కులవలె అమ్మిన రోజులు కూడా పేద దేశాలలో ఉండేవి.)

ఇక ప్రొటీను మాట. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో, కండల కోసము ప్రొటీను పొడులు కూడా వద్దన్నది. గ్రుడ్లు, పప్పు, పాలు, వేరుశెనగలు ఆ ఇంట ఉన్నవే.

"అమ్మాయి వాళ్లకు చెప్పాలా అయ్యగారూ?" అని అడిగాడు. ముందు వైద్యుని దగ్గరకు వెళ్లమన్నాము. సీసా పారవేయక చూపించమని, ఎన్ని వారాలు ఎంతెంత ఎక్కించారో వ్రాసుకొని పొమ్మని చెప్పాము. వెళ్లాడు. రక్తపరీక్ష, వీర్యపరీక్ష వ్రాశారు. ఫలితములు ఇంకా రాలేదు. పెళ్లిమాటలను తల్లి రెండు నెలలు వెనుకకు జరిపింది.