ఉద్యోగం పోయాక మళ్ళీ కాలేజీలో చేరితే ప్రభుత్వ సాయం వస్తుందా?

ఈ రోజు టాపిక్ మన ఎర్రమంచి చుట్టుపక్కల వాళ్ళకి బాగా పనికొచ్చేది. 2019లో ఇక్కడ కియా కార్ల తయారీ మొదలైంది. చుట్టూ విడిభాగాల కంపెనీలు కూడా వచ్చాయి. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వైపు నుంచి షిఫ్టులకి వచ్చేవాళ్ళలో కాంట్రాక్ట్ మీద చేసేవాళ్ళూ ఉన్నారు. కాంట్రాక్ట్ అయిపోయి ఇంట్లో కూర్చున్నప్పుడు, "పోనీ ఈ గ్యాప్‌లో ఐటీఐనో డిగ్రీనో చేసేద్దాం" అనిపిస్తుంది. మంచి ఆలోచనే. మరి సాయం ఏమైనా వస్తుందా?

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. నిరుద్యోగికిచ్చే సాయం వేరు, విద్యార్థికిచ్చే సాయం వేరు. కాలేజీలో చేరగానే మీరు మొదటి లిస్టులోంచి బయటికొస్తారు. కానీ రెండో లిస్టులో పేరు దానంతటదే ఎక్కదు. చాలామంది ఇరుక్కునేది ఈ మధ్యలోనే.

నిరుద్యోగ భృతి సంగతేంటి?

మన రాష్ట్రంలో 2018 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి యువనేస్తం మొదలుపెట్టారు. డిగ్రీ లేదా డిప్లొమా ఉండి, 22 నుంచి 35 ఏళ్ళ లోపు నిరుద్యోగులకి నెలకి 1,000 రూపాయలు. రెగ్యులర్‌గా చదువుకుంటున్నవాళ్ళకి అది వర్తించలేదు. 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో నెలకి 3,000 అని హామీ ఇచ్చారు. ఇలాంటి పథకం ఏది వచ్చినా గైడ్‌లైన్స్‌లో "చదువుకుంటున్నవారు" అనే లైన్ ముందు వెతకండి. ఇది మన దగ్గరే కాదు, బ్రిటన్‌లో కూడా ఫుల్‌టైమ్ స్టూడెంట్‌కి యూనివర్సల్ క్రెడిట్ మామూలుగా రాదు.

మరి ఫీజు రీయింబర్స్‌మెంట్?

ఇక్కడ ఉద్యోగం ఉందా లేదా అన్నది కాదు, సీటు ఎలా వచ్చిందన్నది ముఖ్యం. చేరకముందే ఇవి చూసుకోండి:

- కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి.
- మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రాదు.
- దూరవిద్యకి రాదు. పని చేసుకుంటూ చదివేవాళ్ళకి దొరికే దారి అదే, దానికే సాయం లేదు.
- హాజరు 75 శాతం ఉండాలి.
- ఒకసారి బీఏ పాసై మళ్ళీ బీకాంలో చేరితే, అదే స్థాయి చదువు కిందకి వస్తుంది. కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ రూల్స్‌లో దీనికి అర్హత లేదు.

అంటే ఇంటర్‌తో ఆపేసినవాళ్ళు కౌన్సెలింగ్‌లో డిగ్రీ సీటు తెచ్చుకుంటే దారి ఉంది. డిగ్రీ అయిపోయి ఇంకో డిగ్రీ చేద్దామనుకునేవాళ్ళకి కష్టం.

ఈఎస్ఐ కట్ అయ్యేదా? ఇది మర్చిపోవద్దు

జీతం 21,000 లోపు ఉండి, పేస్లిప్‌లో ఈఎస్ఐ కట్ అయ్యుంటే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒకటుంది. ఉద్యోగం పోతే సగటు రోజు జీతంలో 50 శాతం, గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. కనీసం రెండేళ్ళు ఇన్సూరెన్స్‌లో ఉండాలి. తప్పు చేసి తొలగిస్తే రాదు. జీవితంలో ఒక్కసారే. పథకం గడువు ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, పని ఆగిన వెంటనే ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో అడగండి. కాలేజీ ఆలోచన ఉన్నా క్లెయిమ్ పని ముందు చూసుకోండి.

మూడేళ్ళు కూర్చుని చదివే పరిస్థితి లేదంటే డీడీయూ-జీకేవై ఉంది. పల్లెల్లోని పేద కుటుంబాల వాళ్ళకి 15 నుంచి 35 ఏళ్ళ వరకు ఉచిత ట్రైనింగ్. ఆడవాళ్ళకి 45 వరకు.

చివరిగా ఒక్క మాట. కాలేజీ వాళ్ళు "ఫీజు గవర్నమెంటే కడుతుంది, మీరు చేరండి" అంటే నమ్మి సర్టిఫికెట్లు ఇచ్చేయకండి. "నాది కన్వీనర్ కోటానా?" అని అడగండి. తర్వాత మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర జ్ఞానభూమిలో చెక్ చేయించుకోండి. ఒక్క పూట పనే. లేదంటే మధ్యలో ఫీజు కట్టలేక, సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కుని, కొత్త ఉద్యోగానికీ వెళ్ళలేని పరిస్థితి వస్తుంది.

ఈ గ్యాప్‌లో ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపించండి.