డబ్బా మీద ఓఆర్‌ఎస్, లోపల చక్కెర నీళ్లు: పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలియాల్సిన సంగతి

పిల్లాడికి మోషన్లు మొదలవగానే మనం చేసే మొదటి పని, మెడికల్ షాపుకి పోయి "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అనడం. పొడి ప్యాకెట్ ఇస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ చాలా ఏళ్లుగా అదే కౌంటరు మీద రంగురంగుల టెట్రాప్యాక్‌లు కూడా ఉంటూ వచ్చాయి. వాటి మీద యాపిల్ బొమ్మ, పక్కన స్ట్రా, పేరులో ఎక్కడో ఓ, ఆర్, ఎస్ అనే అక్షరాలు. కలిపే పని లేదు, పిల్లలు మారాం చేయకుండా తాగేస్తారు. షాపులో దొరికింది, పైగా పేరు కూడా అదే, ఇంక అనుమానం ఎందుకు వస్తుంది?

2025 అక్టోబరు 14న కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) దీనికి అడ్డుకట్ట వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం తయారు కాని ఏ పానీయం మీదా 'ఓఆర్‌ఎస్' అనే మాట ఉండకూడదని చెప్పింది. ముందో వెనకో ఇంకో అక్షరం తగిలించి బ్రాండ్ పేరుగా పెట్టుకున్నా కుదరదు. తర్వాత నవంబరులో, అలాంటి సరుకును దుకాణాల నుంచి, ఆన్‌లైన్ అమ్మకాల నుంచి తీయించాలని రాష్ట్రాలకు సూచించింది.

అసలు ఓఆర్‌ఎస్‌లో ఏముంటుంది?

లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. అంతా కలిపి 20.5 గ్రాముల పొడి, అంతే. ఇందులో గ్లూకోజు రుచి కోసం వేసింది కాదు. మన చిన్నపేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లూ పోతాయి. మోషన్లు అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. అందుకే రెండింటినీ సరిసమానమైన పాళ్లలో కలుపుతారు.

1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాల్లో కలరా వచ్చినప్పుడు సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి తాగించారు. అక్కడ మరణాలు సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు తగ్గాయి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చింది ఈ పనికే.

మరి తీపి ఎక్కువైతే?

ఒక డబ్బా వెనక "100 మి.లీ.కి చక్కెర 11 గ్రాములు" అని ఉందనుకోండి. 200 మి.లీ. డబ్బాలో 22 గ్రాములు అవుతుంది. అదే 200 మి.లీ. అసలు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 2.7 గ్రాములే. అంటే 8 రెట్లు! చక్కెర అంత చిక్కగా ఉంటే పేగు నీటిని పీల్చుకోదు, ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది. మోషన్లు ఇంకా పెరుగుతాయి. పోయిన సోడియం మాత్రం సరిపడా తిరిగి రాదు. తల్లి ఏమో "ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఉన్నాం కదా" అని ధైర్యంగా ఉంటుంది, ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యమవుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే.

ఇన్నాళ్లూ ఎలా అమ్మారు?

2022 ఏప్రిల్‌లో ఒకసారి ఈ పేరు వాడొద్దని ఆదేశం వచ్చింది. అదే ఏడాది జులైలో సడలించారు: 'ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు' అని ఒక లైను రాస్తే ట్రేడ్‌మార్కుగా పేరు వాడుకోవచ్చన్నారు. ఏడుస్తున్న పిల్లాడిని చంకనేసుకుని, అర్ధరాత్రి షాపు దగ్గర ఆ ఇంగ్లిష్ లైను ఎవరు చదువుతారు? ముందువైపు పెద్దక్షరాలు చూసి కొంటాం, వెనక చిన్నక్షరాలు చూసి కాదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ సుమారు 8 ఏళ్లు పోరాడింది ఈ విషయం మీదే. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా వేశారు.

ఒక్క సంగతి గమనించాలి. ఆదేశం ఆపింది పేరును, పానీయాన్ని కాదు. అదే తీపి నీరు వేరే పేరుతో మళ్లీ అదే అరలోకి రావచ్చు. పన్ను వల్ల కూడా పెద్ద తేడా కనిపించదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చక్కెర కలిపిన గ్యాస్ డ్రింకులకు జీఎస్టీ 40 శాతం. పాత 28 శాతానికి 12 శాతం సెస్సు కలిపినా అంతే కదా. గ్యాస్ లేని పండ్ల రసం డ్రింకులకైతే 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అందులో చక్కెర ఎంతున్నా సరే. బ్రిటన్‌లో 2018 నుంచి 100 మి.లీ.లో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చూసి పన్ను వేస్తున్నారు. దాంతో చాలా కంపెనీలు చక్కెరే తగ్గించుకున్నాయి. మన దగ్గర ఆ లెక్క లేదు కాబట్టి, డబ్బా తిప్పి చూసే పని కొనేవాళ్లదే.

ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది?

ఆశా కార్యకర్త దగ్గర, ఉపకేంద్రం, పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన, పీహెచ్‌సీలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఉచితం. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే పోయాలి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో సగం సగం కలపొద్దు, పాళ్లు తప్పుతాయి. కాచి చల్లార్చిన నీళ్లు మంచిది. పైన చక్కెర, జ్యూసు కలపొద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోండి.

ప్రతి విరేచనం తర్వాత 2 ఏళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., అంతకన్నా పెద్దవాళ్లకు 100 నుంచి 200 మి.లీ. ఇవ్వాలి. ఉప్పగా ఉందని ఉమ్మేస్తే చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకూడదు. జింక్ మాత్రలు 14 రోజులు వేయాలి, మోషన్లు తగ్గిపోయినా సరే. మోతాదు వయసును బట్టి ఆశా కార్యకర్త చెబుతారు.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉండి తాగలేకపోయినా ఇంట్లో ఉంచొద్దు. 108కి ఫోన్ చేయండి.

షాపులో ఇంకా పాత పేరుతో డబ్బా కనిపిస్తే షాపతనితో గొడవ వద్దు. ముందు, వెనక, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. కొని ఉంటే బిల్లు దాచుకోండి. వాటిని జిల్లా ఆహార భద్రత అధికారికి ఇవ్వవచ్చు, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు.